వాలిన పాదానికి ఏది సరిపోతుంది? పక్షవాతం తర్వాత బ్రేస్, కరెంటు పట్టీ, ఇంజక్షన్, ఆపరేషన్: ఏది ఎవరికి

మా వంటగదికి రెండంగుళాల గడప ఉంది. నలభై ఏళ్లపాటు అమ్మ దాన్ని చూసుకోకుండానే దాటింది. పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన మూడో వారంలో అదే గడపకు ఎడమకాలి బొటనవేలు తగులుకుని బోర్లా పడింది. ఎముక విరగలేదు. మోకాలి మీద చర్మం లేచిపోయింది, అంతే. కానీ ఆ తర్వాత రెండు వారాలు మంచం దిగనంది. దెబ్బ కన్నా ఆ భయం చేసిన నష్టమే ఎక్కువ.

ఆ సాయంత్రమే తమ్ముడు సర్జికల్ షాపుకెళ్లి రెడీమేడ్ బ్రేస్ ఒకటి పట్టుకొచ్చాడు. తెల్ల ప్లాస్టిక్, పిక్క వెనక నుంచి అరికాలి దాకా ఒకటే ముక్క, రెండు పట్టీలు. "పక్షవాతానికి అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నాడట షాపతను. అమ్మ మళ్లీ లేచి అది వేసుకుని నడవడం మొదలుపెట్టిన నాలుగో రోజు సాక్స్ తీసి చూస్తే బయటి చీలమండ ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. అమ్మకు షుగరుంది, ఆ కాలికి స్పర్శ సగమే. అందుకే నొప్పి తెలియలేదు. అది మానడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ బ్రేస్ లేదు, నడకా లేదు. పక్షవాతం తర్వాత కోలుకోవడం వేగంగా సాగేది మొదటి మూడు నెలల్లో. అందులో ఐదు వారాలు అలా పోయాయి.

మాలాగే ఇంట్లో ఒకరి కాలు పడిపోయి, ఏం కొనాలో ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. నాలుగేళ్లుగా అమ్మ కాలితో బతుకుతూ, ఫిజియో దగ్గర, బ్రేస్ తయారుచేసే ఆర్థోటిస్టు దగ్గర, రీహాబ్ డాక్టరు దగ్గర అడిగి తెలుసుకున్నదే ఇదంతా. "ఏ బ్రేస్ మంచిది?" అనే ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఆ పాదం అలా ఎందుకు ఉందన్నది ముందు తేలాలి. బయటికి ఒకేలా ఈడ్చుకుంటూ కనిపించే కాలి వెనక మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి హాని చేస్తుంది.

ముందు పాదాన్ని చేత్తో పట్టుకుని చూడండి

మనిషిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి, ముఖం వైపు నెట్టండి. ఏ అడ్డూ లేకుండా సులువుగా వచ్చేసి, వదిలితే మళ్లీ వాలిపోతే అది వాలిన పాదం. పాదాన్ని పైకెత్తే కండరానికి మెదడు నుంచి ఆజ్ఞ అందడం లేదు, అంతే.

మెల్లగా నెడితే వస్తుంది గానీ, గబుక్కున నెడితే మధ్యలో పట్టేసినట్టు ఆగుతుంది, ఒక్కోసారి పాదం టకటకా కొట్టుకుంటుంది. అది లాగే పాదం. పిక్క కండరాలు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. డాక్టర్లు స్పాస్టిసిటీ అనేది దీన్నే. ఇలాంటి పాదం సాధారణంగా లోపలికి కూడా తిరుగుతుంది, వేళ్లు కొక్కేల్లా ముడుచుకుంటాయి. నిలబడితే బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. పాత చెప్పు తిరగేసి చూడండి, బయటి అంచే అరిగి ఉంటుంది.

ఎంత మెల్లగా నెట్టినా, ఎంతసేపు పట్టుకున్నా రాకపోతే అది పట్టుకుపోయిన పాదం. కండరం, దాన్ని ఎముకకు కట్టే స్నాయువు (టెండన్) కలిసి పొట్టిబడిపోయాయి. మోకాలు వంచి మళ్లీ చూడండి. వంచినప్పుడు వస్తే పైపిక్క కండరం ఒక్కటే పొట్టిబడింది, ఇంకా దారి ఉంది. అప్పుడూ రాకపోతే ఏ బ్రేసూ దాన్ని సరిచేయదు. బలవంతంగా తొడిగితే మడమ లేచిపోతుంది, లేదా పుండు పడుతుంది.

చాలామందిలో రెండు కలిసి ఉంటాయి. అమ్మకు మొదట్లో వాలిన పాదమే, రెండో నెల నుంచి లాగడం మొదలైంది. మొదటి నెలలో కొన్నది మూడో నెలకు పనికిరాకుండా పోయేది ఇందుకే. కాబట్టి కొనేముందు ఒకసారి, కొన్నాక నెల నెలా ఈ పరీక్ష చేయండి. అన్నట్టు, పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి ఉంటే అది బ్రేస్ విషయం కాదు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలిని మర్దన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

ప్లాస్టిక్ బ్రేసుల్లో తేడాలు

చీలమండకు వేసే బ్రేసును ఏఎఫ్‌ఓ అంటారు. వాడుకలో కాలిపర్ అన్నా అర్థమవుతుంది గానీ, కాలిపర్ అనగానే పాతకాలపు ఇనుప కడ్డీలది గుర్తొస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. కాలికి పీఓపీతో అచ్చు తీసి, ఆ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ షీటు వేసి తయారుచేస్తారు.

వెనక సన్నటి పట్టీలా ఉండే స్ప్రింగ్ రకం వాలిన పాదానికి మాత్రమే. అడుగు ఎత్తినప్పుడు వేళ్లు నేలకు తగలకుండా ఎత్తిపడుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. తేలిగ్గా ఉంటుంది, చెప్పులో బూటులో ఇమిడిపోతుంది. లాగే పాదానికి ఇది వేస్తే పిక్క బలం ముందు ప్లాస్టిక్ వంగిపోతుంది, పాదం లోపలికి తిరగడమూ ఆగదు. మేం కొన్న రెడీమేడ్‌ది సరిగ్గా ఇదే. చీలమండ పక్కకు తిరిగి ప్లాస్టిక్ అంచుకు రాసుకుని పుండు పడింది.

చీలమండను రెండు పక్కలా కప్పేసి కదలకుండా పట్టేసే గట్టి రకం లాగే పాదానికి మంచిది. మోకాలి మీద కూడా దీని పట్టు ఉంటుంది, ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొందరికి అడుగు మోపగానే మోకాలు వెనక్కి విల్లులా వంగుతుంది. బ్రేసులో పాదాన్ని ఒక పిసరు పైకి ఉండేలా అమర్చితే అది పిక్కను ముందుకు నెట్టి మోకాలిని కాపాడుతుంది. ఇంకొందరికి మోకాలు ముందుకు కుప్పకూలుతుంది. వాళ్లకు అదే అమరిక ఇస్తే పడిపోతారు, పాదం కొంచెం కిందికి ఉండేలా చేయాలి. రెండు మూడు డిగ్రీల తేడాతో అంత జరుగుతుంది. మోకాలు చూడకుండా, నడిపించి చూడకుండా పాదం సైజు మాత్రమే అడిగి బ్రేస్ ఇచ్చే చోట కొనవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

మడత బందు ఉన్న రకం పాదాన్ని కిందికి వాలనివ్వదు, పిక్కను మాత్రం ముందుకు వంగనిస్తుంది. కుర్చీలోంచి లేవడం, మెట్లు ఎక్కడం దీనితో సులువు. కాస్త కోలుకుని బయట తిరిగేవాళ్లకు నేనైతే దీన్నే అడగమంటాను. కానీ మోకాలు చాపి ఉన్నప్పుడు పాదం తొంభై డిగ్రీలు దాటి ఇంకాస్త పైకి రాగలిగితేనే ఇది పనిచేస్తుంది. రాని పాదానికి బందు పెడితే చీలమండ దగ్గర వంగాల్సింది పాదం నడుమ వంగుతుంది. కొన్నాళ్లకు పాదం ఆకారమే చెడుతుంది.

కార్బన్ ఫైబర్‌వి తేలిక, అడుగు వేస్తే వెనక్కి తన్నినట్టు ఊపునిస్తాయి. ధర చాలా ఎక్కువ, బాగా లోపలికి తిరిగే పాదాన్ని అవి ఆపలేవు. అరవై దాటి ఇల్లూ వాకిలీ నడిచేవాళ్లకు అంత పెట్టక్కర్లేదు. మరీ భారీ మనిషికి, బాగా మెలితిరిగిన పాదానికి, వాపు రోజూ మారుతూ ఉండే కాలికి బూటుకు బిగించిన ఇనుప కడ్డీలదే నయం, బరువు మోయాల్సి వచ్చినా సరే.

బ్రేస్ వేస్తే కండరం సోమరిదైపోతుందని మా వీధిలో అందరూ చెప్పారు, ఒక డాక్టరు కూడా అన్నారు. నెదర్లాండ్స్‌లో ఈ ప్రశ్న మీదే పని చేశారు. పక్షవాతం వచ్చిన కొత్తలోనే బ్రేస్ ఇచ్చినవాళ్లనీ, ఎనిమిది వారాలు ఆగి ఇచ్చినవాళ్లనీ పోల్చారు. చిన్న అధ్యయనమే అయినా ఆరు నెలల తర్వాత పాదాన్ని ఎత్తే కండరం పనిలో తేడా కనబడలేదు. అదే పరిశోధనలో బయటపడిన మరో మాట నన్ను ఎక్కువ కదిలించింది: ముందుగా బ్రేస్ అందినవాళ్లు ఎక్కువసార్లు పడ్డారు, ఎక్కువగా పడింది బ్రేస్ తీసేసి ఉన్నప్పుడు. నడవగలమన్న ధైర్యం వచ్చాక బ్రేస్ లేకుండా లేచారన్నమాట. అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు అమ్మ లేచేది కూడా అలాగే.

చెప్పులు విడిచే ఇళ్లలో

ఈ బ్రేసులన్నీ బూటు వేసుకుని ఇంట్లో తిరిగే దేశాల్లో పుట్టినవి. మన ఇంట్లో గుమ్మం బయటే చెప్పులు విడుస్తాం. ఉత్త ప్లాస్టిక్ అరికాలు టైల్స్ మీద, అదీ తడిపెట్టి తుడిచిన నేల మీద, సబ్బులా జారుతుంది. బ్రేస్ ఇంట్లో తీసేస్తే కాలు గడపకు తగులుతుంది. నడిచేది ఎక్కువగా ఇంట్లోనే, కాబట్టి ఈ చిక్కు విప్పకుండా ఏ బ్రేస్ కొన్నా అల్మరాలోకే పోతుంది.

మేం రెండు పనులు చేశాం. బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి బ్రేస్ తీసుకెళ్లి, అడుగున గరుకు రబ్బరు షీటు అతికించమన్నాం. మడమ దగ్గర అంచు కొంచెం చెక్కించాం. రెండో కాలికి కూడా అంతే ఎత్తు ఉండాలి, లేదంటే నడుము నొప్పి వస్తుంది. అందుకని ఆ కాలికి అదే మందం ఉన్న చెప్పు. రెండోది, ఒక సైజు పెద్ద, వెల్క్రో ఉన్న కాన్వాస్ బూట్లు కొత్తవి కొని, "ఇవి ఎప్పుడూ గడప దాటి బయటికి రావమ్మా, వీటికి వీధి మట్టి అంటదు" అని అమ్మ చేతికే ఇచ్చాం. పూజగది ముందు వరకు వాటితో నడుస్తుంది. అక్కడ కుర్చీలో కూర్చుని విప్పి, కూర్చునే దీపం వెలిగిస్తుంది.

మెట్టెల దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. ముడుచుకున్న వేలికి మెట్టె ఒరుసుకుని చర్మం తెల్లగా నానిపోయింది, నాన్న ఉండగా తీయనని అమ్మ పట్టుబట్టింది. చివరికి ఎడమకాలి మెట్టెలు తీసి కుడికాలి వేళ్లకు రెండు జతలూ పెట్టాం. కాలి పట్టీ బ్రేస్ కింద అసలే ఉండకూడదు. చీర కుచ్చిళ్లు బ్రేస్ పట్టీకి తగులుకుంటాయి కాబట్టి, చీర రెండంగుళాలు పైకి కట్టించాం, ఇంట్లో నైటీయే నయం.

బ్రేస్ కొత్తగా వేసినప్పుడు మొదటి రోజు గంట చాలు. విప్పి, చర్మం మీద ఎరుపు చూడండి. అరగంటలో పోని ఎరుపు ఉంటే మళ్లీ వేయకుండా తయారుచేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ చోట ప్లాస్టిక్‌ను వేడిచేసి సర్దించాలి. షుగర్ ఉంటే రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూడాలి. ఎండాకాలం కాటన్ సాక్స్ మధ్యాహ్నం ఒకసారి మార్చాలి. స్పర్శ తక్కువున్న కాలికి వేడినీళ్ల కాపడం పెట్టకండి, బొబ్బలెక్కినా వాళ్లకు తెలియదు. స్నానాల గదిలో బ్రేస్ ఉండదు కాబట్టి అక్కడ గోడకు రాడ్డు, బరువైన కుర్చీ, గరుకు చాప తప్పనిసరి. బ్రేస్ మీద పెట్టే డబ్బులో మొదటి వెయ్యి ఆ రాడ్డుకే పెట్టండి.

కరెంటు పట్టీ

మోకాలి కింద, బయటి వైపు ఎముక బొడిపె పక్కనుంచి ఒక నరం వెళ్తుంది. అడుగు ఎత్తే క్షణంలో అక్కడ చిన్న కరెంటు ఇస్తే పాదం తనంతట తానే లేస్తుంది. 1961లో లిబర్‌సన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మొదట చూపించిన పద్ధతి ఇది, ఎఫ్‌ఈఎస్ అంటారు. ఇప్పటి పరికరాలు మోకాలి కింద కట్టే పట్టీలా ఉంటాయి. కొన్నిటిలో కాలు వంపును బట్టి పట్టీయే సమయం చూసుకుంటుంది, బూటులో మీట అక్కర్లేదు. అంటే ఒట్టి కాళ్లతో నడవొచ్చు, మన ఇళ్లకు ఇది చాలా పెద్ద లాభం.

మరి బ్రేస్ కన్నా మెరుగా? అమెరికాలో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి, 2013లో వెలువడినదానిలో 197 మంది, 2014 దానిలో 495 మంది. రెండిట్లోనూ నడక వేగం బ్రేస్‌తో ఎంత పెరిగిందో పట్టీతోనూ దాదాపు అంతే పెరిగింది. మొదటిదానిలో వాడినవాళ్లకు పట్టీయే ఎక్కువ నచ్చింది. దిగుమతి పరికరం ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి, అప్పు చేసి కొనే వస్తువు మాత్రం కాదని నా అభిప్రాయం. డబ్బుకు ఇబ్బంది లేక, వాలిన పాదమే ఉండి, మోకాలు నిలకడగా ఉండి, ఇంట్లో బూటు ససేమిరా అనేవాళ్లు ఒక వారం ట్రయల్ అడిగి చూడాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే వద్దు, ఫిట్స్ ఉంటే డాక్టరు సరే అనాలి. పట్టుకుపోయిన పాదానికి, మోకాలు కూలే కాలికి ఇది ఏమీ చేయలేదు. మన చెమటకు ఎలక్ట్రోడ్ ప్యాడ్లు త్వరగా ఊడిపోతాయి, వాటి ఖర్చు ఎప్పటికీ ఉంటుంది.

లాగే పాదానికి: మాత్ర, ఇంజక్షన్, ఆపరేషన్

బాక్లోఫెన్, టిజానిడిన్ లాంటి మాత్రలు ఒళ్లంతా వదులు చేస్తాయి. ఒక్క పాదం కోసం మనిషంతా మత్తుగా ఉండటం, ఆ మత్తులో పడిపోవడం అమ్మ విషయంలో చూశాం. ఒళ్లంతా బిగుసుకున్నవాళ్లకు అవసరమే. ఒక విషయం మరవకండి, బాక్లోఫెన్ మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ రావచ్చు.

పిక్కలోకి బొటాక్స్ ఇంజక్షన్ బిగుతున్న కండరానికి మాత్రమే తగులుతుంది. రెండు వారాల్లో పని కనబడుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. కాలి కండరాలు పెద్దవి కాబట్టి 300 యూనిట్లు, ఒక్కోసారి 400 పడతాయి, బిల్లు వేలల్లో ఉంటుంది. ఇంజక్షన్ బలాన్ని ఇవ్వదు, బిగుతును తీస్తుంది. ఆ మూడు నెలల్లో బ్రేస్ సరిచేయించి, రోజూ నిలబెట్టి నడిపిస్తేనే ఆ డబ్బుకు ఫలితం. ఫిజియో కుదరని నెలలో ఇంజక్షన్ చేయించకండి. ఇంకో జాగ్రత్త: కొందరు ఆ బిగుతు మీదే నిలబడి ఉంటారు. అది తీసేస్తే కాలు నిలవదు. ముందు నరం దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చి, కొన్ని గంటలు నడిపించి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. అలా చేస్తారేమో డాక్టరును అడగండి. ఫినాల్ ఇంజక్షన్ చాలా చవక, కానీ కొందరికి అరికాలు మంటలు మిగులుతాయి.

పట్టుకుపోయిన పాదానికి వారం వారం మార్చే పీఓపీ కట్లు కొంత సాగదీస్తాయి. అప్పటికీ రాకపోతే మడమ వెనక స్నాయువును పొడవు చేసే ఆపరేషన్, లోపలికి లాగే కండరం కొసను సగం చీల్చి పాదం బయటి వైపుకు మార్చే ఆపరేషన్ ఉన్నాయి. పక్షవాతం వచ్చి కనీసం ఆరు నెలలు దాటాక, నడక ఒక స్థితికి వచ్చి ఆగాకే వీటి గురించి ఆలోచిస్తారు. తర్వాత ఆరు వారాలు కట్టు. ఆపరేషన్ అంటే అందరం భయపడతాం, కానీ ఏళ్లుగా పాదం అంచు మీద నడుస్తూ పుండ్లతో బాధపడేవాళ్లకు ఇది నిజంగా మంచి దారి. కొందరు ఆ తర్వాత బ్రేస్ కూడా వదిలేస్తారు. పోలియో కాళ్లకు ఇలాంటి ఆపరేషన్లు ఎన్నో చేసిన తిరుపతి బర్డ్ ఆసుపత్రి లాంటి చోట సలహా తీసుకోవచ్చు.

పావురం రక్తం పూయమనీ, పసరు పోయించమనీ మాకూ చాలామంది చెప్పారు, ప్రేమతోనే చెప్పారు. కాలు మొదటి నెలల్లో ఎలాగూ కొంత తిరిగివస్తుంది, ఆ పేరు పసరుకు పోతుంది. నూనె మర్దన హాయిగా ఉంటుంది, చేయండి, కానీ ఫిజియో మానేసి కాదు. బీపీ మాత్ర మానేసి అసలే కాదు.

కర్ర, నడక, డబ్బు

కర్ర బాగున్న చేతిలో ఉండాలి. నిటారుగా నిలబడితే పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. ముందు కర్ర, తర్వాత దెబ్బతిన్న కాలు, తర్వాత మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్నది ముందు. నాలుగు కాళ్ల కర్ర మొదటి నెలల్లో ధైర్యం ఇస్తుంది, ఎగుడుదిగుడు వీధిలో మాత్రం ఊగుతుంది. రెండు చేతులతో పట్టే వాకర్ ఒక చేయి పనిచేయనివాళ్లకు పనికిరాదు, అయినా చాలామందికి అదే అంటగడతారు.

నడక సెంటర్లలో బరువు మోసి నడిపించే ట్రెడ్‌మిల్, రోబో యంత్రాలు చూపిస్తారు. 2011లో అమెరికాలో 408 మందితో చేసిన ప్రయోగంలో అలాంటి ట్రెడ్‌మిల్ శిక్షణ పొందినవాళ్లు, ఇంటికొచ్చిన ఫిజియోతో బలం, నిలకడ వ్యాయామాలు చేసినవాళ్లు ఏడాదికి ఒకే చోటికి చేరారు. ఇంటివాళ్లే వ్యాయామాలు నేర్చుకుని చేయిస్తే సరిపోతుందా అన్నది మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో చూశారు, ఫలితం 2017లో వచ్చింది. మామూలు వైద్యం కన్నా అదనపు మేలు కనబడలేదు. అందుకే నేను చెప్పేది: యంత్రం ప్యాకేజీ వద్దు, అలాగని ఫిజియోను మానిపించి మనమే చేసేద్దామనీ వద్దు. ఆ డబ్బు ఇంటికొచ్చే ఫిజియో రోజులు పెంచడానికి పెట్టండి.

మెరుగుపడుతోందా అన్నది కళ్లతో తేల్చకండి. వరండాలో పది మీటర్లకు సుద్దగీత గీసి, మామూలు నడకకు పట్టిన సెకన్లు రాసుకోండి. 25 సెకన్లు దాటితే ఇంట్లో నడక వరకే. 12 సెకన్లకు దగ్గరైతే వీధిలో, బజారులో తిరగగలరు. కొత్త బ్రేస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చూస్తే అది పనికొచ్చిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. అమ్మకు గట్టి రకం వేయకముందు 31 సెకన్లు, రెండు నెలల తర్వాత 19.

ఖర్చు భరించలేనివాళ్లు ప్రభుత్వ సదరం శిబిరంలో వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం నమోదైతే కేంద్రం ఏడీఐపీ పథకం కింద ఆదాయాన్ని బట్టి ఉచితంగానో సగం ధరకో పరికరం రావచ్చు. శిబిరంలో ఇచ్చేది కూడా కొలత తీసి ఇస్తున్నారా అని అడగండి.

కొలతకు వెళ్లే రోజు పాత చెప్పులు సంచిలో వేసుకెళ్లండి, అరుగుదల చూసి వాళ్లకు సగం అర్థమవుతుంది. ఇంట్లో పక్కనుంచి, ఎదురునుంచి నడుస్తుండగా ఫోన్‌లో తీసిన వీడియో ఉండాలి, గడప దాటేది కూడా. కొలత సాయంత్రం ఇవ్వండి, వాపు అప్పుడే ఎక్కువ. ఆ కాలి మెట్టెలు, పట్టీలు ఇంటి దగ్గరే తీసిపెట్టి వెళ్లండి.